ఆకుపచ్చ దారానికి అటు ఎలుగుబంటి, ఇటు హీరో: ‘గ్రిజ్లీ’ (1976) చూసినవాళ్లు రండి

రాత్రిషో_రమణ | శనివారం రాత్రి 1:40

నిద్ర పట్టక ‘గ్రిజ్లీ’ పెట్టాను. ఇప్పుడే అయిపోయింది. అమెరికాలో ఒక నేషనల్ పార్కు. ఇద్దరు అమ్మాయిలు టెంటు వేసుకుంటే గ్రిజ్లీ అనే పెద్ద గోధుమరంగు ఎలుగుబంటి వచ్చి చంపేస్తుంది. పార్కు మూసేద్దాం అంటాడు రేంజర్. పెద్ద ఆఫీసరు ఒప్పుకోడు, సీజన్‌లో టూరిస్టులు పోతారని ఆయన బాధ. తర్వాత వరసగా శవాలు. చివరికి ఎలుగుబంటిని దేంతో చంపుతారో తెలుసా? బజూకాతో! యుద్ధట్యాంకుల మీద వాడేదాంతో అడవి జంతువును కొడితే ఏం మిగులుతుంది, పొగ తప్ప.

గంటన్నర నవ్వుతూనే చూశాను. పంజా ఒకటే వచ్చి ఫ్రేములో ఊగుతుంది, అది చేతికి తొడుక్కున్న తోలు గ్లౌజు అని చిన్నపిల్లాడైనా చెబుతాడు. సినిమా అయ్యాక మంచినీళ్లకు లేచాను. నేను ఉండేది కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు. బాల్కనీ తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చి పడుకున్నాను. ఎందుకు చూశానో నాకే అర్థం కాలేదు. కోట్లు పోసి తీసిన గ్రాఫిక్స్ జంతువుల సినిమాలు చూసినప్పుడు ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఎవరైనా చూశారా? మీకూ ఇలాగే అనిపించిందా, లేక నా బుర్రే పాడైందా?

నైజాం_నవీన్ | శనివారం రాత్రి 1:58

నీ బుర్రే పాడైంది అన్నా. అది సినిమా కాదు, ‘జాస్’ జిరాక్స్. ‘జాస్’ వచ్చింది 1975 జూన్‌లో, ఇది 1976 మేలో. సముద్రం తీసి అడవి పెట్టారు, షార్కు తీసి ఎలుగుబంటి పెట్టారు. బీచ్ మూయనన్న మేయర్ ఇక్కడ పార్కు ఆఫీసర్ అయ్యాడు. అక్కడ వేటకు ముగ్గురు మగాళ్లు, ఇక్కడా ముగ్గురే: రేంజరు, జంతువుల గురించి తెలిసినాయన, హెలికాప్టర్ పైలట్. ఆఖర్లో అక్కడా పేలుడే, ఇక్కడా పేలుడే. కాపీ కొట్టేటప్పుడు కనీసం పేరైనా మార్చి రాయాలని మన స్కూళ్లలో నేర్పుతారు కదా, వీళ్లు అదొక్కటే నేర్చుకున్నారు.

పాప్‌కార్న్_పద్మ | ఆదివారం ఉదయం 8:15

కాపీయే, ఎవరూ కాదనరు. కానీ అది ఎలా పుట్టిందో తెలిస్తే నవీన్ గారు కాస్త మెత్తబడతారేమో.

రాసిన ఇద్దరిలో ఒకాయన హార్వీ ఫ్లాక్స్‌మన్. ఫ్యామిలీతో క్యాంపింగ్‌కు వెళ్తే ఎలుగుబంటి ఎదురైందట. ఆ సంగతి తన భాగస్వామి డేవిడ్ షెల్డన్‌కు చెప్పాడు. ‘జాస్’ ఆడుతున్న రోజులు. ఇది సినిమా అవుతుందని షెల్డన్‌కు అనిపించింది. స్క్రిప్టు బల్ల మీద ఉంటే విలియం గిర్డ్‌లర్ అనే కుర్ర డైరెక్టర్ చూశాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. “నన్ను డైరెక్ట్ చేయనిస్తే డబ్బు నేను తెస్తా” అన్నాడు. వారంలో తెచ్చాడు! ఏడున్నర లక్షల డాలర్లు. ‘జాస్’కు తొంభై లక్షల దాకా అయిందంటారు, అందులో పన్నెండో వంతు అన్నమాట.

వసూళ్లు ప్రపంచమంతా కలిపి 3.9 కోట్ల డాలర్లని చెబుతారు. ఆ ఏడాది స్వతంత్ర నిర్మాతల సినిమాల్లో అంత ఆడింది లేదు. సరే, ఇక్కడే అసలు హారర్ మొదలు. డబ్బు పెట్టి విడుదల చేసిన ఎడ్వర్డ్ మాంటొరో లాభాలు తన దగ్గరే ఉంచుకున్నాడు. డైరెక్టరూ రచయితలూ కోర్టుకెళ్లాల్సి వచ్చింది. ఆ మాంటొరోయే 1984లో తన కంపెనీ డబ్బు పది లక్షల డాలర్లతో మాయమయ్యాడు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. సినిమా తీసినవాళ్లను ఎలుగుబంటి ఏమీ చేయలేదండీ, డిస్ట్రిబ్యూటర్ తిన్నాడు.

నైజాం_నవీన్ | ఆదివారం ఉదయం 8:31

ఇది మాత్రం మనకు బాగా తెలిసిన జంతువే 😂

కీఫ్రేమ్ | ఆదివారం ఉదయం 10:05

రమణ గారి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను అనుకుంటున్నా. నాది వీఎఫ్ఎక్స్, అంటే సినిమా గ్రాఫిక్స్ పని, హైదరాబాద్‌లోనే. పులులు, పాములు, ఒకసారి గేదెల మంద కూడా చేశాను. ఏ సినిమాలకో అడగకండి.

‘గ్రిజ్లీ’లో ఉన్నది నిజం ఎలుగుబంటి. పేరు టెడ్డీ. కోడియాక్ జాతి, నిలబడితే పదకొండు అడుగులు. వాషింగ్టన్ రాష్ట్రంలో సినిమాలకు జంతువులను ఇచ్చే ఒక ఫామ్ నుంచి అద్దెకు తెచ్చారు. లొకేషన్‌లో జనానికీ దానికీ మధ్య కంచె లేదు, బోను లేదు. ఒక ఆకుపచ్చ దారం కట్టారు. పక్కన టిక్ టిక్ అనే వంటింటి టైమర్ ఒకటి పెట్టారు. అంతే. దానికి కరెంటు కంచె అలవాటు, ముట్టుకుంటే షాక్ కొడుతుందని తెలుసు. ఈ దారం, ఈ చప్పుడు కలిస్తే అదే కంచె అనుకుని దాటదు. దాటదని నమ్మకం. నటులకూ టెక్నీషియన్లకూ మాత్రం దాని దగ్గరకు వెళ్లొద్దని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు సినిమా మళ్లీ చూడండి. ఎలుగుబంటీ మనిషీ ఒకే ఫ్రేములో దగ్గరగా ఉండే షాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చాలా తక్కువ. ఒక షాట్‌లో అది, తర్వాతి షాట్‌లో మనిషి మొహం, ఆ తర్వాత పంజా. లేదంటే కెమెరానే ఎలుగుబంటి కళ్లు, ఆకుల మధ్య నుంచి రొప్పుతూ ముందుకు నడుస్తుంది. డబ్బు లేక చేసిన పని ఇది. ‘జాస్’లోనూ మెషీన్ షార్కు పదేపదే మొరాయిస్తేనే కదా దాన్ని దాచి తీశారు.

మేం చేసేది దీనికి పూర్తిగా తిరగేసి. డైరెక్టర్ గారు పులి మీద కోటి రూపాయలు పెట్టారు కాబట్టి పులి ప్రతి ఫ్రేములో కనబడాలి. హీరో మెడ పట్టుకోవాలి, హీరో దాని దవడ పట్టుకోవాలి, స్లో మోషన్‌లో ఒక రౌండ్ తిరగాలి. షూటింగ్‌లో అక్కడ ఉండేది నీలం బట్టలేసుకున్న మనిషి. హీరో ఆయన్ను తోస్తాడు. ఆయన బరువు డెబ్బై కిలోలు, మేం పెట్టే పులి బరువు రెండు వందలు. హీరో భుజం మీద ఆ రెండు వందల కిలోలు ఎప్పటికీ పడవు. బొచ్చు బ్రహ్మాండంగా వస్తుంది, కాలి కింద నీడ కూడా వస్తుంది, బరువు మాత్రం రాదు. చూసేవాళ్లకు ఎక్కడ తేడా ఉందో చెప్పడం తెలియదు, కానీ ఒళ్లు మాత్రం నమ్మదు.

టెడ్డీ చెట్ల మధ్య ఊరికే నడిచినా నేల అణుగుతుంది. మీరు గడియ చూసింది దానికే.

రాత్రిషో_రమణ | ఆదివారం ఉదయం 10:40

దారమా! అయ్య బాబోయ్.

మరి అన్నిసార్లు నోరు తెరిచి గర్జిస్తుంది కదా, అది కోపంతో కాదా?

కీఫ్రేమ్ | ఆదివారం ఉదయం 10:52

కాదు. అది తినేటప్పటి నోరు. మార్ష్‌మెలోలు అని దూదిలా మెత్తగా ఉండే తీపి బిళ్లలు ఉంటాయి కదా, అవి ఒక్కొక్కటే నోట్లోకి విసిరారు. నాలుగైదు వేశాక ఆఖరిది మొహం ముందు చూపించి వేయకుండా ఆపారు. ఇంకా రాలేదేమని నోరు తెరిచి ఊపుతుంది. దానికి గర్జన సౌండు తర్వాత తగిలించారు. చూసినవాళ్లంతా భయపడ్డ షాట్లలో ఆ పాపం జంతువు మిఠాయి కోసం ఎదురుచూస్తోంది.

పాప్‌కార్న్_పద్మ | ఆదివారం ఉదయం 11:10

ఇంకోటి. నిజం ఎలుగుబంటి పదకొండు అడుగులు, కథలో పదిహేను, పోస్టర్ మీద పద్దెనిమిది! ఆ పోస్టర్ వేసింది కామిక్స్ ఆర్టిస్టు నీల్ ఆడమ్స్. థియేటర్ దగ్గరికి వచ్చేసరికి ఏడడుగులు పెరిగింది.

నైజాం_నవీన్ | ఆదివారం మధ్యాహ్నం 12:20

అంటే కరెంటు షాకులిచ్చి భయం పెట్టిన జంతువును తెచ్చి దారం చూపించి ఆడించారు. ఇందులో మెచ్చుకోవడానికి ఏముంది? కీఫ్రేమ్ గారు దాన్ని ఏదో కళలా చెబుతున్నారు. నాకైతే సర్కస్ రింగులా ఉంది.

కీఫ్రేమ్ | ఆదివారం మధ్యాహ్నం 12:45

కళ అనలేదు, బరువు అన్నాను. మీ మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటున్నా. మన దగ్గర ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, వీటిని ఆటలు ఆడించడానికి శిక్షణ ఇవ్వకూడదని 1998లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కసుల వాళ్లు కోర్టుకెళ్తే 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే నిలబెట్టింది. 2011లో ఎద్దును కూడా ఆ జాబితాలో చేర్చారు. ఇక సినిమాలో ఏ జంతువు కనిపించినా ముందు యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి కావాలి. తెర మూల చిన్న అక్షరాలతో ‘సీజీఐ’ (నిజం జంతువు కాదు, కంప్యూటర్ బొమ్మ) అని పడుతుంది చూడండి, కోడి పరిగెత్తినా, గుర్రం పడినా. ఆ ముక్క అందుకే.

అది మంచి రూలే. కానీ దాని పక్కనే ఇంకో సంగతి ఉంది. పులి మీదకు దూకుతుంటే మూలన ‘సీజీఐ’ అని పడింది. భయం అక్కడే చచ్చిపోయింది. టెడ్డీని వెనక్కి తీసుకురమ్మని నేను అనడం లేదు. గ్రాఫిక్స్ చేసినా సరే, ‘గ్రిజ్లీ’ వాళ్లలా దాచమంటున్నా. వంద షాట్లు అడిగే డైరెక్టర్ పన్నెండు అడిగితే, ఆ పన్నెండూ మేం బాగా చేస్తాం. నిద్ర కూడా పోతాం.

రాజోలు_సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 1:30

నేను కుక్కలకు ట్రైనింగ్ ఇస్తాను. ఒక చిన్న సినిమాకు మా కుక్కను పంపాం, విలన్‌ను కరవాలి. చెయ్యికి లోపల దళసరి స్లీవు కట్టాం. మావాడు భలే పట్టుకున్నాడు, వదల్లేదు. డైరెక్టర్ మాత్రం కట్, కట్ అని నెత్తి కొట్టుకున్నాడు. ఏంటని చూస్తే తోక ఊగిపోతోంది! దానికి అది ఆట కదా, సంతోషంగా ఉంది. తొమ్మిది టేకులు అయ్యాయి, తొమ్మిదింట్లోనూ తోక ఊగింది. చివరికి నడుం వరకే ఫ్రేము పెట్టి కానిచ్చారు. అప్పటి నుంచి ఏ సినిమాలో కుక్క కరిచినా నేను పళ్లు చూడను, తోక చూస్తా.

రాత్రిషో_రమణ | ఆదివారం మధ్యాహ్నం 1:41

సుబ్బు గారూ, మీరు నా మిగతా జీవితంలో కుక్కల సీన్లన్నీ చెడగొట్టారు.

అట్లాంటా_అరుణ | ఆదివారం సాయంత్రం 6:50

ఇక్కడ ఇప్పుడే తెల్లారింది, కాఫీతో మొత్తం చదివాను. ‘గ్రిజ్లీ’ తీసింది మా జార్జియాలోనే! క్లేటన్ అని ఉత్తరాన కొండల్లో చిన్న ఊరు, అట్లాంటా నుంచి కారులో రెండు గంటలు. మేం టలులా గోర్జ్ చూడ్డానికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగుతాం. ఆ ఊరివాళ్లే చాలామంది సినిమాలో చిన్న చిన్న వేషాలు వేశారు. తక్కువ బడ్జెట్‌కు అదొక కిటుకు, ఊరు ఊరంతా జూనియర్ ఆర్టిస్టులే.

తమాషా ఏంటంటే జార్జియాలో గ్రిజ్లీలు లేవు. ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు. అవి మనుషుల కంటే మన పులిహోర డబ్బాల మీదే ఎక్కువ ఆసక్తి చూపిస్తాయి. ట్రెయిల్స్ దగ్గర బోర్డులు ఉంటాయి, తిండి టెంటులో పెట్టుకోకండి, ఇనప పెట్టెల్లో పెట్టండి అని. ఒకసారి మా అత్తగారు ఆవకాయ సీసా బ్యాగులో పెట్టుకుని వచ్చారు. మావారు రేంజర్‌ను అడిగారు, ఇది కూడా తిండి కిందకే వస్తుందా అని. ఆయన మూత తీసి వాసన చూసి, తప్పకుండా పెట్టెలో పెట్టండి అన్నారు.

సినిమాలో ఒక సీన్ మాత్రం నన్ను వదల్లేదు. జంతువుల గురించి తెలిసినాయన్ను ఎలుగుబంటి కొట్టి, చచ్చాడనుకుని మట్టిలో సగం పూడ్చి వెళ్తుంది. ఆయనకు మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటాడు. అమ్మయ్య అనుకునేలోపు అది వెనక్కి వచ్చేస్తుంది. గ్రిజ్లీలు నిజంగానే వేటను మట్టి, ఆకులు కప్పి దాస్తాయి, తర్వాత తినడానికి. బజూకా రాసినవాళ్లకే ఇది కూడా తెలుసు చూడండి.

నైజాం_నవీన్ | ఆదివారం సాయంత్రం 7:15

ఆ సీన్ బాగుంది. ఒప్పుకుంటున్నా. ఒక్కటే.

పాప్‌కార్న్_పద్మ | ఆదివారం రాత్రి 8:05

నవీన్ గారు ఒక మెట్టు దిగారు కాబట్టి రెండో సినిమా తీస్తున్నా. గిర్డ్‌లరే మరుసటి ఏడాది, 1977లో, ‘డే ఆఫ్ ది యానిమల్స్’ తీశాడు. ఈసారి ఒక్క ఎలుగుబంటి కాదు, కొండ మీద ఉన్న జంతువులన్నీ. డేగలు, కొండ సింహం, పాములు, తోడేళ్లు, కుక్కలు. కారణం ఏంటో తెలుసా? ఓజోన్ పొర! మనం స్ప్రే డబ్బాలు వాడి ఓజోన్‌ను చెడగొట్టాం, ఎండలోని కిరణాలు తగిలి ఐదు వేల అడుగుల పైన ఉన్న జంతువులకు పిచ్చెక్కింది. హీరో మళ్లీ ‘గ్రిజ్లీ’లో రేంజర్ వేషం వేసిన క్రిస్టఫర్ జార్జే. కొండెక్కిన టూరిస్టులు మధ్యలో గొడవపడి రెండు గుంపులవుతారు. ఒక గుంపుకు నాయకుడు లెస్లీ నీల్సన్.

అవును, తర్వాత ‘ఎయిర్‌ప్లేన్!’ (1980) కామెడీతో ప్రపంచాన్ని నవ్వించిన అదే లెస్లీ నీల్సన్. ఇందులో పరమ దుర్మార్గుడు. వానలో చొక్కా విప్పేసి, ఒక కుర్రాడిని చంపి, ఎలుగుబంటి మీదకు కుస్తీకి వెళ్తాడు. భల్లూకపు పట్టు అని మనం ఊరికే అనలేదు. ఇప్పుడు ఆ మొహం చూస్తే ఎంత సీరియస్ డైలాగ్ చెప్పినా నవ్వొస్తుంది, ఆయన తప్పు కాదు పాపం.

ఎలుకల సీన్ అయితే చెప్పలేను. షెరిఫ్ వంటింట్లో ఫ్రిజ్ దగ్గర ఉంటే ఎలుకలు గాల్లో ఎగిరి వచ్చి మీద పడతాయి. ఎగరడమేంటి, పక్కనుంచి ఎవరో విసురుతున్నారని తెలిసిపోతూ ఉంటుంది.

ఫిజిక్స్_మాస్టారు | ఆదివారం రాత్రి 9:20

నేను జూనియర్ కాలేజీలో పాఠం చెప్పేవాణ్ని, రిటైరయ్యాను. ఈ సినిమాను ఒకప్పుడు క్లాసులో వాడుకున్నాను కాబట్టి నాలుగు మాటలు.

నవ్వుతారు గానీ, ఆ ఓజోన్ సంగతి సినిమావాళ్లు గాల్లోంచి పుట్టించింది కాదు. మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ అనే ఇద్దరు కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 1974 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో రాశారు. స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు కింద చెక్కుచెదరకుండా పైకి వెళ్లి, అక్కడ అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయి, ఆ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది అని. సినిమా మొదట్లో తెర మీద ఈ సంగతే వేస్తారు. మూడేళ్లు తిరక్కుండా ఒక చవక సినిమా ఆ పేపర్‌ను పట్టుకుందంటే నాకు ముచ్చటేసింది. స్ప్రే డబ్బాల్లో ఆ వాయువులను అమెరికా నిషేధించింది 1978లో. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రాన్ని బ్రిటిష్ వాళ్లు బయటపెట్టింది 1985లో. ఆ వాయువులను తగ్గించాలన్న మాంట్రియల్ ఒప్పందం 1987. మొలీనా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ వచ్చింది 1995లో. సినిమా వీటన్నిటికంటే ముందే వచ్చేసింది!

ఎత్తుకు వెళ్లే కొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయన్నది కూడా నిజమే. వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం అనుకోవచ్చు. తప్పంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. ఆ కిరణాల వల్ల చర్మం కాలుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి, పంటలు దెబ్బతింటాయి. డేగకు పగ పుట్టదు. పైగా జంతువులు ఒకదాన్నొకటి వదిలేసి కట్టగట్టుకుని మనుషుల మీదకే ఎందుకు వస్తాయో సినిమా చెప్పదు. “సార్, కుందేలుకు కూడా పిచ్చెక్కాలి కదా” అని ఒక పిల్లాడు అడిగాడు. వాడికి ఆ రోజు చాక్లెట్ ఇచ్చాను.

నైజాం_నవీన్ | ఆదివారం రాత్రి 9:34

ఐదు వేల అడుగులంటే మనం సేఫే మాస్టారూ. హార్సిలీ హిల్స్ నాలుగు వేల చిల్లరే. అరకు మూడు వేలు. ఊటీ వెళ్లే హనీమూన్ జంటలే జాగ్రత్తగా ఉండాలి, అది ఏడు వేలు దాటింది.

మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:50

డౌన్‌లోడ్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మళ్లీ పెట్టొద్దు. చర్చ సాగించండి.

ఉద్దానం_కుర్రాడు | ఆదివారం రాత్రి 11:25

పొద్దున్నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆగాను. మాది శ్రీకాకుళం జిల్లా, వజ్రపుకొత్తూరు వైపు. జీడితోటలు, కొబ్బరి, పనస. మాకు ఎలుగుబంటి సినిమా కాదు. సాయంత్రం ఆరు దాటితే తోటలోకి ఒక్కడే వెళ్లకూడదు, వెళ్తే గట్టిగా మాట్లాడుకుంటూ, డబ్బా వాయించుకుంటూ వెళ్లాలి. పల్లెల్లో గుళ్లకు వస్తాయి, దీపాల్లో నూనె తాగడానికి, కొబ్బరి చెక్కల కోసం. జీడిపళ్లు పండినప్పుడు అవే మాకంటే ముందు తోటలో ఉంటాయి.

2022 జూన్‌లో మా వైపు ఒక ఎలుగు ఒక రైతును చంపి, ఇంకొందరిని గాయపరిచింది. మత్తిచ్చి పట్టుకున్నారు. పట్టుకున్నాక అదీ బతకలేదు. ఆ వారం మా ఇళ్లలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. దాని మీద సినిమా తీస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, అందులో రాత్రి సీన్ ఉండదు. అన్నీ పొద్దున్నే జరిగేవే. చెంబు పట్టుకుని తోటకు వెళ్లినప్పుడు, జీడిగింజలు ఏరుతున్నప్పుడు.

మా ఎలుగు గ్రిజ్లీ కాదు. మనిషిని తినదు. చెదపురుగులు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, పళ్లు, ఇవే దాని తిండి. పుట్టను గోళ్లతో తవ్వి, మూతి పెట్టి చెదలను లోపలికి పీలుస్తుంది, ఆ శబ్దం దూరానికి వినిపిస్తుంది. అలా పీలుస్తున్నప్పుడు దానికి మన అడుగుల చప్పుడు వినపడదు. చూపు కూడా అంతంతమాత్రం. తల ఎత్తేసరికి మనిషి పది అడుగుల్లో ఉంటాడు. బెదిరిపోయి మీద పడుతుంది, నేరుగా మొహం మీదకే. పిల్లలను వీపు మీద ఎక్కించుకున్న తల్లయితే ఇక చెప్పక్కర్లేదు. మా మేనమామకు ఒక కన్ను లేదు, ఒక పక్క పెదవి లేదు. ఆయన్ను అడిగితే, “అది నన్ను చూసి ఎంత జడిసిందో నేనూ అంతే జడిశాను” అంటాడు. కోపం లేదు ఆయనకు. కోపం ఎక్కడుందంటే, సాయం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల మీద ఉంది.

అందుకే నాకు ఈ సినిమాల్లో నచ్చనిది ఒక్కటే. అందులో ఎలుగు వెతుక్కుంటూ వస్తుంది. నిజంలో ఎవరూ ఎవరినీ వెతకరు. ఇద్దరూ ఒకే జీడిచెట్టు కిందకు వస్తారు, అంతే.

రాత్రిషో_రమణ | ఆదివారం రాత్రి 11:48

తమ్ముడూ, ఇది చదివాక నేను పెట్టిన మొదటి పోస్టు చూస్తే సిగ్గేసింది. నాలుగో అంతస్తులో గడియ చూసుకున్నానని రాశాను.

ఉద్దానం_కుర్రాడు | సోమవారం ఉదయం 6:30

అయ్యో అన్నా, అలా అనుకోకండి. మేమూ హారర్ సినిమాలు చూస్తాం. దయ్యాల సినిమాలకు నేనే దుప్పటి కప్పుకుంటా.

కీఫ్రేమ్ | సోమవారం ఉదయం 9:10

“పొద్దున్నే జరిగేవే” అన్న మాట రాత్రంతా తిరిగింది నా బుర్రలో. మంచి ఎండలో, తోటలో, పుట్ట దగ్గర ఆ పీల్చే శబ్దం ఒక్కటి చాలు. జంతువును చూపించాల్సిన పనే లేదు. ఎవరైనా తీస్తే గ్రాఫిక్స్ నేను ఉచితంగా చేస్తా, ఎందుకంటే చేయడానికి ఏమీ ఉండదు.

అట్లాంటా_అరుణ | సోమవారం సాయంత్రం 7:20

తక్కువ డబ్బుతో తీయాలనుకునేవాళ్లు ‘ఓపెన్ వాటర్’ (2003) చూడాలి. భార్యాభర్తలిద్దరే తీశారు, వీలైన వారాంతాల్లో, డిజిటల్ వీడియో కెమెరాతో. సముద్రంలో డైవింగ్‌కు వెళ్లిన జంటను పడవవాళ్లు లెక్క తప్పి వదిలేసి పోతారు. గ్రాఫిక్స్ లేవు, బొమ్మలు లేవు, నిజం షార్కులే. నటులు సూట్ల లోపల ఇనప గొలుసుల జాకెట్లు వేసుకుని నీళ్లలో దిగారు. షార్కు ఎక్కువసేపు కనిపించదు కూడా. కాలికి ఏదో తగిలినట్టు ఆ అమ్మాయి మొహం మారుతుంది, మనకు అది చాలు.

నైజాం_నవీన్ | సోమవారం రాత్రి 8:02

సరే, ఇంతమంది చెప్పాక నిన్న రాత్రి ‘డే ఆఫ్ ది యానిమల్స్’ చూశా. ఎలుకలను విసిరినాయనకు అవార్డు ఇవ్వాలి. కానీ స్లీపింగ్ బ్యాగులో పడుకున్న ఆవిడ మీదకు తోడేలు వచ్చే సీన్‌లో ఫోన్ పక్కన పెట్టేశా. జిప్పు వేసుకుని పడుకున్న మనిషికి చేతులు బయటకు రావు కదా. మన ఊళ్లలో వాకిట్లో మంచం వేసుకుని నిండా దుప్పటి కప్పుకున్నట్టే.

ఆ డైరెక్టర్ గురించి వెతికాను. ఆరేళ్లలో తొమ్మిది సినిమాలు తీశాడు. 1978 జనవరిలో తర్వాతి సినిమాకు లొకేషన్లు చూస్తూ మనీలా దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయాడు. ముప్పై ఏళ్లు. నేను అతని సినిమాను జిరాక్స్ అన్నాను. సినిమా జిరాక్సే, మాట మార్చను. మనిషి గురించి అనలేదు, అంతే.

పాప్‌కార్న్_పద్మ | సోమవారం రాత్రి 8:20

నవీన్ గారూ, మొత్తానికి రెండు సీన్లు ఒప్పుకున్నారు. ఇంకో వారం థ్రెడ్ నడిస్తే మీ చేత బజూకా కూడా ఒప్పిస్తాం.

నైజాం_నవీన్ | సోమవారం రాత్రి 8:21

బజూకా ఒప్పుకోను.

ఉద్దానం_కుర్రాడు | మంగళవారం రాత్రి 10:15

నిన్న రాత్రి మా నాన్నమ్మతో కూర్చుని ‘గ్రిజ్లీ’ ఫోన్‌లో చూశాను. ఇంట్లో అందరూ పడుకున్నారని సౌండు ఆపేశాను. నాన్నమ్మకు ఇంగ్లిష్ ఎలాగూ రాదు. ఎనభై దాటాయి, జీవితంలో ఎన్ని ఎలుగులను చూసిందో లెక్క లేదు. కథ నేను చెబుతూ ఉన్నా. చచ్చిపోయినవాళ్లను చూసి అయ్యో అంది, పంజా గ్లౌజు చూసి నవ్వింది.

ఎలుగు నిలబడి నోరు తెరిచే షాట్ వచ్చింది. ఇక్కడ మీరు చెప్పింది నేను ఆమెకు చెప్పలేదు. ఫోన్ దగ్గరకు లాక్కుని చూసి, “ఓరి, అది అరుత్తన్నాది కాదురా, పెట్టమని అడుగుతన్నాది” అంది.

రాత్రిషో_రమణ | మంగళవారం రాత్రి 10:22

ఎన్నో నిమిషం దగ్గర తమ్ముడూ? నేనూ సౌండు ఆపి చూస్తా.